మన ఇంటి గుర్తు

"ఇది ఎవరింటి గుర్తు?" అని వదిన మూడోసారి అడిగింది.

లాండ్రీలో గుర్తులు వేసే బల్ల మీద, సిరా బుడ్డి పక్కన, నీలం చారల పాత చొక్కా పడి ఉంది. వెనకవైపు కింది అంచు తిరగేసి ఉంది. గోరంత మేర అక్కడ ఒక అడ్డగీత, దాని కింద మూడు చుక్కలు.

బల్ల ముందు కూర్చున్న ఆడపడుచు తల ఎత్తలేదు. చేతిలోని దిండు గలీబు మీద ఆస్పత్రి గుర్తు సగంలో ఆగిపోయింది.

"నోట్లో సిరా పోసుకున్నావా? నిన్నే."

"మనదే వదినా."

"మనదని నాకూ తెలుసు. మామయ్యగారు పెట్టిన గుర్తు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే నా బట్టలన్నీ పట్టుకెళ్లి నువ్వే వేశావు, జడలేసుకుని తిరిగే పిల్లవి. కొత్త బట్టలకి మచ్చలు పెట్టిందని ఎంత ఏడ్చానో! మీ అన్నయ్య ఏమన్నాడు? 'ఏడవకు, ఇక నువ్వెక్కడ తప్పిపోయినా ఈ ఇంటికే చేరుస్తారు' అన్నాడు." వదిన ఊపిరి తీసుకుంది. "అలాంటి గుర్తు పైగదిలో అద్దెకున్నాయన చొక్కా మీదికి ఎలా వచ్చింది? కాళ్లొచ్చి మెట్లెక్కి వెళ్లిందా?"

"చెయ్యి తప్పింది."

"మూడొందల ఇళ్ల గుర్తులు కళ్లు మూసుకుని వేసే చెయ్యి. తప్పిందట!"

ఆమె చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ లాండ్రీలో మనుషుల పేర్లు మరిచిపోతారు కాని గుర్తులు మరిచిపోరు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఉడకబెట్టినా, బండకేసి బాదినా పోని సిరా. గుర్తు లేని గుడ్డ ఏదైనా దొరికితే మెట్ల కింద బుట్టలోకి పోతుంది. అక్కడికి పోయింది మళ్లీ వెలుగు చూడదు. పైగది ఆయనకు మొదటి వారమే చిన్న సున్నా ఒకటి కేటాయించింది ఆమె. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆయన చొక్కా చేతికొచ్చింది. ఆయన అంతకుముందు అన్న మాటేదో తలుచుకుంటూ ఉంది. చూసుకునేసరికి సున్నాకు బదులు గీత, మూడు చుక్కలు పడి ఉన్నాయి.

సిరా ఇంకా తడిగానే ఉంది అప్పటికి. తుడిచేస్తే పోయేది. తుడవలేదు. అదీ ఆమె చెప్పనిది.

"ముప్పై ఏడేళ్లొచ్చాయి. కావాలంటే కావాలని చెప్పు. నేను ఎదురొస్తానా? కాని ఆ మనిషెవరు? ఏ ఊరు? ఏం పని? ఆయన తినగా చూసినవాళ్లున్నారా? ఎప్పుడు చూడు ముసురు పట్టిన మొహం. ముసురాయన!"

ఆ మాటకు ఆమె ఉలిక్కిపడింది. వదినకు తెలియదు. ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆమెకు తప్ప.

గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. భుజం మీద మోకు, చేతిలో గడ్డపార. ఎప్పటినుంచి వింటున్నాడో.

"ఇప్పుడా గొడవెందుకే? బావిలో చుక్క నీళ్లు లేవు," అన్నాడు భార్యతో. "రేపు రాత్రిలోగా ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఆరేసి పంపకపోతే మూటలు వెనక్కి పట్టుకుపోతామన్నారు. అవి పోతే ఈ బల్లా ఉండదు, గుర్తులూ ఉండవు."

"అయితే?"

"దిగి తవ్వుతా. ఇంకో రెండు నిలువుల లోతు తవ్వితే జల పడొచ్చు."

"ఎవరు పట్టుకుంటారు మోకు? నీ మొహం! ఇస్త్రీ తాతా? టీ గ్లాసు పట్టుకుంటేనే సగం ఒలికిపోతుంది ఆయన చేతిలో."

అన్నయ్య భుజం మీది మోకు సర్దుకున్నాడు. చెల్లెలి వైపు తిరిగాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడినా బాగుండేది.

"నాకెందుకు చెప్పలేదే బుల్లీ?" అన్నాడంతే. గడ్డపార నేలకు తాటించుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు.

*

చొక్కా మడత పెట్టుకుని ఆమె మేడెక్కింది.

ఊరంతా అరవై రోజులుగా ఎండిపోతోంది. వీధి చివర కుళాయి దగ్గర తెల్లవారకముందే బిందెలు బారులు తీరుతున్నాయి. నిన్న ఒక తల్లి, పిల్లాడికి ఒళ్లు తుడిచిన నీళ్లనే మళ్లీ గిన్నెలోకి పిండుకుంటుంటే ఆమె చూసింది. చూసి, తల తిప్పుకుని వచ్చేసింది.

అంతకుముందు పద్దెనిమిది రోజులు ఎడతెగని వాన. అది మొదలైంది ఆయన నవ్విన రోజున. ఆమె ఏదో అంది, ఆయన నవ్వాడు, ఆ గదిలో, కప్పు కింద, ఆమె అరచేతిలో ఒక చినుకు పడింది. ఆయనెవరో అప్పుడు తెలిసింది. తరువాత ఆయన సంతోషం ఊరి మీద కురుస్తూనే ఉంది. దుప్పట్లకు బూజు పట్టింది. అన్నయ్య తల పట్టుకున్నాడు. ఆమె మేడెక్కి వచ్చి, గుండె రాయి చేసుకుని చెప్పేసింది: "మీరంటే నాకేమీ లేదు. మీరూ ఏమీ పెట్టుకోకండి."

ఆయన తలూపాడు. ఆ మధ్యాహ్నమే వాన ఆగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

తలుపు తీసే ఉంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. చేతుల మీద చర్మం, నీళ్లింకిన మడుగు అడుగులా సన్నని నెర్రెలు తీసి ఉంది.

"చొక్కా తెచ్చాను."

"అక్కడ పెట్టండి."

"వదిన చూసింది. గుర్తు."

"వినబడింది." ఆయన మెట్ల వైపు చూపించి, "మీ వదినగారి గొంతు ఉరుముకేం తీసిపోదు. నాకు తెలుసు, ఉరుములతో చాలాకాలం పనిచేశాను," అన్నాడు.

ఆమెకు నవ్వు రావలసింది. రాలేదు. ఆయనా నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"ఇంతకాలం అడగలేదు. ఇన్ని ఇళ్లుండగా మా ఇంటికే ఎందుకొచ్చారు?"

"లోకంలో అందరూ నన్ను రమ్మని దణ్ణాలు పెట్టేవాళ్లే. రావొద్దని దణ్ణం పెట్టే ఇల్లు ఇదొక్కటే." ఆయన కిటికీ చువ్వ మీది దుమ్ము వేలితో తుడిచాడు. "మబ్బు కనబడితే చాలు, మీ వదినగారు గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించేవారు. 'తండ్రీ, ఇవాళ్టికి వద్దు, పక్క ఊరికి పో' అని. ఎక్కడున్నా వినబడేది. ఏమీ అడగని మనుషుల మధ్య కొన్నాళ్లు ఊరికే కూర్చోవాలనిపించింది. నాకు నేనుగా ఉండొచ్చని."

"ఇప్పుడు అందరూ అడుగుతున్నారు."

"మీరు అడగలేదు."

ఆమె గోడకు ఆనుకుంది. కింద పెరట్లో రాళ్లు దొర్లుతున్న చప్పుడు. అన్నయ్య దిగడానికి బావి మీది రాళ్లు తొలగిస్తున్నాడు.

"ఒక్క చినుకు, రెండు చినుకులు, అలా కొంచెం కొంచెంగా కురవలేరా?"

"చినుకులైతే ఆపగలను. అప్పుడు కురిసింది నాలో పొంగినంతే, ఇంత ఎండిన ఈ నేలకు అదీ చాలదు. ఇప్పుడు కురిస్తే మొత్తం కురవాలి. మొత్తం కురిశాక ఈ ఒళ్లుండదు. పైకి పోయిన నీటికి తను ఏ చెరువులోదో తెలుస్తుందా?"

"నన్ను కూడా మరిచిపోతారా?"

"మిమ్మల్ని కూడా."

ఆమె పళ్లు బిగించింది. "ఆ రోజు నేను చెప్పింది..."

"వద్దు." ఆయన చెయ్యెత్తాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడడం ఆమె ఎన్నడూ వినలేదు. "అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉండడానికి అరవై రోజులుగా నాకున్న బలమంతా ఖర్చు పెడుతున్నాను. మీరు నోరు తెరిచి చెబితే ఇక నేను పట్టుకోవడానికేమీ ఉండదు."

అంటే నిజం చెబితే ఆయన పోతాడు. చెప్పకపోతే ఊరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. కింద నుయ్యి నిజంగానే ఉంది, అందులో అన్నయ్య కూడా ఉన్నాడు.

"మీరు అడగండి," అన్నాడాయన. "ఒక్కమాట అడగండి, కురుస్తాను."

"అడగను."

"పిల్లలు..."

"తెలుసు. అన్నీ తెలుసు. అయినా అడగను." ఆ మాట అంటూనే తన మీద తనకే అసహ్యం వేసింది ఆమెకు. అయినా వెనక్కి తీసుకోలేదు.

మెట్ల మీద దబదబమని అడుగులు. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వచ్చేదారిలో చాలా మాటలే కూర్చుకుని వచ్చినట్టుంది. తీరా చూస్తే ఆయన కిటికీ దగ్గర, ఈమె గోడ దగ్గర, మధ్యలో గదంతా ఉంది.

"ఏమండీ, మీ చేతులు బాగానే ఉన్నాయిగా?" అంది చివరికి. "చెప్పినా వినకుండా మా ఆయన బావిలోకి దిగిపోయాడు. నేనూ తాతా మోకు పట్టుకుంటే అరచేతులు కొట్టుకుపోయాయి. మాకు సత్తువ లేదు." కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ తన మామూలు గొంతు తెచ్చుకుంది. "మా ఇంటి గుర్తు వేసుకు తిరుగుతున్నారుగా. మా ఇంటి పని కూడా చెయ్యండి."

ఆయన లేచాడు. ఆమె తెచ్చిన చొక్కా మడత విప్పి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుంటే నెర్రెలు తీసిన వేళ్ల నుంచి పొడి రాలింది.

ఆమె ఒక్కతే అది చూసింది.

*

ఆయన మోకు పట్టాక పని చకచకా సాగింది. అడుగునుంచి బకెట్టు బకెట్టుగా పొడిమట్టి పైకొచ్చింది. ఆయన లాగుతాడు, వదిన అందుకుంటుంది, ఆమె గోడవారన గుమ్మరిస్తుంది. ఇస్త్రీ తాత అరుగు మీద కూర్చుని లెక్క తప్పుతూ బకెట్లు లెక్కపెడుతున్నాడు.

"పదిహేడు."

"ఇందాక పదిహేడే అన్నావు తాతా."

"ఇందాకటిది ఇందాకటిదే అమ్మా. ఇది కొత్త పదిహేడు."

వదిన నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో. ఆమె గాభరాగా ఆయన వైపు చూసింది. ఆయన దవడ బిగించి, మోకు వైపే చూస్తున్నాడు.

మధ్యాహ్నం మూడయింది. బావిలోంచి అన్నయ్య గొంతు బోలుగా వచ్చింది. "మట్టి నల్లబడిందే! తేమ మాత్రం లేదు. ఇంకొంచెం తవ్వుతా!"

"చాలు, పైకి రా!"

"ఇంకొక్కటే."

చాలాసేపు గడ్డపార చప్పుడు తప్ప ఏమీ లేదు. తరువాత అదీ ఆగింది. ఒక మనిషి బాగా ఆలోచించుకుని, పైనెవరూ తన ముఖం చూడలేని చోటు చూసుకుని మాట్లాడినట్టు, అడుగునుంచి పిలుపు వచ్చింది.

"లాగండి బావగారూ!"

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాత లెక్క ఆపేశాడు.

ఆయన చేతులు మోకు మీద ఆగిపోయాయి. ఎన్నో పేర్లతో పిలిపించుకున్నవాడు. బావగారూ అని మాత్రం ఎవరూ పిలిచి ఉండరు. ముఖంలో బిగించి పెట్టుకున్నదేదో ఒక్కో ముడే వదులవుతూ ఉంది. ఆపుకోవాలని చూశాడు. ఆమెకు తెలుస్తూనే ఉంది ఆయనెంత ప్రయత్నిస్తున్నాడో.

ఆమె ముంజేతి మీద చినుకు పడింది.

"వాన!" వదిన కేక పెట్టింది. "బట్టలే! మేడమీద బట్టలు!"

అరవై రోజులు వాన కోసం ఏడ్చిన ఇల్లది. అయినా చినుకు పడిందంటే ఆ ఇంటి మనుషుల కాళ్లు ఎటు పరిగెత్తాలో వాళ్లనడగవు. వదిన మూటల మీద పట్టా కప్పడానికి షెడ్డులోకి ఉరికింది. తాత ఇస్త్రీబల్ల మీది బట్టలకు అడ్డంగా తన ఒంటినే పరిచాడు. ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తీగల మీది నాలుగు బట్టలూ, క్లిప్పులు ఎగిరిపోతున్నా లెక్కచేయకుండా, లాగి గుండెకు హత్తుకుంది.

అప్పుడు తెలిసింది తనేం చేసిందో.

పిట్టగోడ మీంచి వంగి చూసింది. పెరట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు. వాన చిక్కబడుతోంది. చొక్కా భుజాలు జారి, లోపల మనిషి తరిగిపోతున్నట్టు వేలాడుతోంది. చేతులు మాత్రం మోకును వదల్లేదు. మోకు చివర అన్నయ్య బరువు సన్నగా ఊగుతోంది.

ఆయన పోకుండా పట్టుకుని ఉన్నది ఇప్పుడు ఆ బరువొక్కటే.

ఉతికిన బట్టలు ఆమె చేతుల్లోంచి నేల మీద పడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక అలా పడెయ్యడం అదే మొదలు. మెట్లు ఎలా దిగిందో తెలియదు. వెళ్లి ఆయన వెనక మోకు పట్టుకుంది. వెనకాలే వదిన వచ్చి తన బరువంతా వేసింది.

"పట్టుకున్నారా?" అని ఆయన వెనక్కి తిరిగి అడిగాడు.

"పట్టుకున్నాను. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం," అంది ఆమె. ఇక దాచడానికేముంది?

ఆయన ఆమెను చూశాడు. మర్యాదగా చూశాడు. బట్టల మూట చేతిలో పట్టుకుని మొదటిసారి దుకాణం మెట్లెక్కినవాళ్లు గుర్తులు వేసే మనిషిని ఎలా చూస్తారో, అలాగ.

"ఏ రోజు?" అన్నాడు.

ఆమె మోకు బిగించి లాగింది. అన్నయ్య చేతులు బావి గట్టు మీదికొచ్చాయి. వదిన ఏడుస్తూ, తిడుతూ భర్త చొక్కా కాలరు పట్టి బయటికి లాగింది. వాన ఒక్కసారిగా కుండపోతగా దిగింది. ముందేముందో కనబడలేదు.

కనబడేసరికి గట్టు పక్కన నీలం చారల చొక్కా ఒక్కటే ఉంది.

*

ఊరు ఊరంతా వీధిలోకి వచ్చేసింది. గిన్నెలు, బకెట్లు, పిల్లల కేకలు. సాయంత్రానికల్లా తొట్లన్నీ నిండి పొర్లాయి. మూటలు విప్పి ఆస్పత్రి దుప్పట్లు నానబెట్టారు. అన్నయ్య తువ్వాలు కప్పుకుని అరుగు మీద కూర్చుని అదే పనిగా చెబుతున్నాడు.

"సగం ఎక్కానో లేదో, పైనుంచి అడిగాడు. 'ఈ చొక్కా మీద గుర్తు ఎవరిది?' అని. ఇంత వానలో ఈయనకు వేళాకోళమేమిటా అనుకున్నా. 'మనదే' అన్నా. 'ఎక్కడ పడిపోయినా ఈ ఇంటికే చేరుస్తారా?' అన్నాడు. 'అదేగా మా పని' అన్నా." తల తుడుచుకున్నాడు. "ఎటు వెళ్లుంటాడు బుల్లీ? నేనన్న మాటకు నొచ్చుకున్నాడా?"

"లేదన్నయ్యా. నొచ్చుకోలేదు."

ఒళ్లో చొక్కా పెట్టుకుని ఆమె అంచు తిరగేసింది. గుర్తున్న చోట గుడ్డ లేదు. చేత్తో చించినట్టు, అరచేతంత ముక్క పోయింది. గట్టు చుట్టూ వెతికింది. బావిలోకి లాంతరు దింపి చూసింది. ఎక్కడా లేదు.

తీసుకెళ్లాడు. తీసుకెళ్లినవాడికి అది ఎవరిదో ఇక గుర్తుండదు.

తాత వచ్చి చొక్కా అందుకోబోయాడు. "గుర్తు లేదుగా తల్లీ. మెట్ల కింద బుట్టలో వేసెయ్యనా?"

"ముట్టుకోకు తాతా."

సిరా బుడ్డి మూత తీసి, కుంచె ముంచి, చిరిగిన అంచు మీద పెట్టింది. గీత గీతలా నిలవలేదు. నల్లగా పాకి కరిగిపోయింది. తడి గుడ్డ మీద సిరా నిలవదని ఆమెకు తెలియక కాదు. మళ్లీ పెట్టింది. మళ్లీ పాకింది.

గుమ్మంలో వదిన దుప్పటి పిండి భుజాన వేసుకుని ఆకాశం వైపు చూసింది. ఉతకడానికి నీళ్లొచ్చాయి. ఆరడానికి ఎండ కావాలి. రేపు రాత్రిలోగా. ఎప్పటి అలవాటుతోనే చేతులు రెండూ జోడించింది.

"చాలు తండ్రీ! ఇక ఆగు. పక్క ఊరికి..."

ఆమె కుంచె పడేసి పరిగెత్తుకొచ్చి వదిన చేతులు రెండూ విడదీసింది. సిరా వదిన వేళ్లకంతా అంటుకుంది.

"వద్దు వదినా. ఆ మాటనకు. వింటాడు. నువ్వంటే ఎక్కడున్నా వింటాడు."

వదిన తన వేళ్ల వైపు, ఆమె ముఖం వైపు చూసింది. బావిగట్టు వైపు చూసింది.

"ఎవరే వినేది?" అంది మెల్లగా.